ముక్కల కౌలు

పాతపట్నం మండలాఫీసు ఎదురు సందులో
నా షాపు తలుపు ఒక్క రెక్కే తెరుచుకుంటుంది.
రెండోదానికి జెరాక్స్ మిషను అడ్డం.
మూతపడిన కాలేజీ వేలంలో
నాలుగువేల రెండొందలకి పాడుకున్న కంప్యూటరు.
మీటల మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి.
వేళ్ళకి తెలుసు వాటి చోట్లు.

సోమవారం పొద్దున్న
తెర నెత్తిన ఎర్రపట్టీ:
మీ గడువు ముగిసింది.
ప్రతి కాగితాన్నీ తెరిచి చూపిస్తుంది,
ఒక్క ముక్క దిద్దనివ్వదు.
మిఠాయి కొట్టు అద్దాల వెనకాల
నా అరవై మూడు అర్జీలు.

ఫోను చేసి కనుక్కున్నాను.
కొనడం కాదట, ఏటా కట్టడమట.
కట్టినన్నాళ్ళే చెయ్యి పెట్టనిస్తారట.
వింటూ వింటూ ఉంటే
మా నాన్న కళ్ళంలో నిలబడ్డాడు,
ఆసామికి పదకొండు బస్తాలు కొలిచి
మిగిలిన గింజల్ని చేత్తో కాదు
చూపుతో కొలుచుకుంటూ.

టెక్కలి కూర్మారావు
మూడొందలకి పెన్‌డ్రైవులో తెస్తానన్నాడు.
"అందరం అదే వాడతాం, ఏటీ అవదు."
ఏటవుతుందో నాకు నిరుడే తెలిసింది.
దాని వెంట వచ్చిన పురుగు
ఒక్క రాత్రిలో
వితంతు పింఛన్ల ఫోల్డరు మేసేసింది.
ఇరవై రెండుమంది ఆడాళ్ళు
మొగుడు పోయిన తారీకు
నాకు మళ్ళీ చెప్పాల్సొచ్చింది.

మధ్యాహ్నం ఢిల్లేశు వచ్చాడు.
ఐటీఐ చదువు, జెరాక్స్ బాకీ పదహారు రూపాయలు.
"ఫ్రీది ఉంది కదక్కా" అన్నాడు,
బాకీ అక్కడికి చెల్లు అన్నట్టు.
తన ఫోను నెట్టు నా మిషనుకి తగిలించి
దించుతూ కూర్చున్నాడు.
రెండుసార్లు కరెంటు పోయింది.
మూడోసారికి నేను నీలమణి దుర్గమ్మకి
కొబ్బరికాయ మొక్కుకున్నాను.

అప్పటికే బల్లకి మోచేతులానించి ఉన్నాడు
గేదెల అసిరినాయుడు, కౌలుకార్డు అర్జీకి.
గీత నిండడం చూస్తూ అడిగాడు:
"దీనికెంత కౌలమ్మా?"
ఏం లేదు తాతా.
"మరైతే ఆసామెవుడు?"
ఆసామి లేడు.
ఎక్కడెక్కడివాళ్ళో రాత్రుళ్ళు కూర్చుని అల్లి
వాడుకోండని వదిలేశారు.
మెట్టు దిగి, చుట్ట ఉమ్ము ఉమ్మి, తిరిగొచ్చి
"పోరంబోకన్నమాట" అన్నాడు.
కాదనబోయాను.
ఊరుమ్మడి కళ్ళం లాంటిదని ఏదో చెప్పబోయాను.
ఆయన ఆవులు బతికింది,
మా అమ్మ పిడకలు ఎండింది,
నేను మొదటిసారి సైకిలు తొక్కి పడింది
ఆ పోరంబోకులోనే కదా
అని ఊరుకున్నాను.

సుఖంగా ఏమీ లేదు.
కొత్త కోడలు అత్తారింట్లో ఉప్పుడబ్బా వెతికినట్టు
మార్జిను ఎక్కడుందో వెతికాను.
పర్లాకిమిడి నుంచి వచ్చిన పంతులుగారి ఒడియా చీటీ
చక్కగా కుదిరింది కానీ
నా తెలుగులో ఒక వత్తు
కింద ఉండాల్సింది పక్కకి జరిగి కూర్చుంది.
మండలాఫీసు గుమస్తా కేకేశాడు,
మా దాంట్లో తెరిస్తే
సర్వే నెంబరు రెండో పేజీకి దిగిపోయిందని.
పీడీఎఫ్ చేసి పంపాను.
ఇప్పుడది కదలమన్నా కదలదు.

సాయంత్రం అసిరినాయుడి కాగితం తీశాను.
పేరుంది, విస్తీర్ణముంది,
పద్దెనిమిదేళ్ళుగా దున్నుతున్నట్టుంది.
భూయజమాని సంతకం గడి తెల్లగా ఉంది.
ఆసామి విశాఖలో ఉంటాడు.
కార్డంటే ఫోనెత్తడు.
కర్సరు ఆ గడిలో
ఆరుతూ వెలుగుతూ నిలబడింది.
నేనూ నిలబడ్డాను.
తర్వాత ప్రింటు నొక్కాను.

"ఎంత?"
ఇరవై.
"ఊరికే వచ్చిందన్నావు గదేటి?"
కాగితానికి తాతా, సిరాకి.
పంచె మడతలోంచి పది తీసి బల్ల మీద పెట్టి,
అర్జీని మడవకుండా
రెండు చేతులా పట్టుకుని
ఒక్క రెక్క తలుపులోంచి
పక్కకి తిరిగి బయటికి నడిచాడు.